పత్తాల ముందు కూర్చునే ముందు: పోకర్‌లో మోసపోకుండా ఎలా ఆడాలి

మూడేళ్ల కింద కాజీపేట దాటాక ఒక ఫామ్‌హౌస్‌లో ఒక్క రాత్రిలో 38 వేలు పోగొట్టుకున్నాను. ఆ రాత్రి నేను తాగలేదు, తొందరపడి ఆడలేదు, ఆట రానివాణ్ని కూడా కాదు. తెల్లవారి నాలుగింటికి బండి మీద తిరిగొస్తూ కాజీపేట బ్రిడ్జి దగ్గర చాయ్ తాగుదామని ఆగాను. జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద వెల్లకిలా పెట్టాను. స్క్రీన్ ఆరిపోయి నల్లటి అద్దంలా ఉంది, దాంట్లో పైన వేలాడుతున్న బల్బు, నా చేతిలోని గ్లాసు అడుగు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రంతా పత్తాలు వేసినాయన ఫోన్ అతని ముందు ఇట్లాగే వెల్లకిలా ఉంది. ప్రతి ముక్కనూ సరిగ్గా దాని మీదుగా తీసుకెళ్లి మా ముందు వేశాడు. మా అందరి పత్తాలూ అతను తన ఫోన్ గ్లాసులో చూసుకుంటూ ఆడాడు.

ఆ చాయ్ చల్లారిపోయింది, తాగలేదు. ఆ తర్వాత ఏడాది పాటు దొరికిందల్లా చదివాను, వీడియోలు చూశాను, గోవా క్యాసినోల్లో పత్తాలు వేసే డీలర్లు ఎలా పని చేస్తారో పక్కన నిలబడి గమనించాను, పత్తాలు దొంగగా వేయడం ఎలాగో ఇంట్లో అద్దం ముందు కూర్చుని నేర్చుకున్నాను, ఎందుకంటే చేతితో చేస్తే తప్ప కంటికి తెలియదు. అందులోంచి మీకు పనికొచ్చేది వరసగా చెప్తాను. ముందే ఒక మాట. మీరు దొంగను పట్టుకోవడానికి అక్కడ కూర్చోవడం లేదు. చేయి తిరిగినవాడు ముక్క మారిస్తే ఎదురుగా కూర్చున్నా కనపడదు. మీ చేతిలో ఉన్నవి రెండే: మోసం చేయడం కష్టమయ్యేలా ఆట పద్ధతి పెట్టించడం, అది కుదరనప్పుడు లేచి రావడం.

వెళ్లకముందే అడగాల్సినవి

మన తెలంగాణలో డబ్బు పెట్టి పత్తాలాడటం నేరం, ముందు ఇది తలకెక్కించుకోండి. 1968లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని చెప్పింది, ఆ కేసు మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్లిందే, అందుకే చాలామంది పెద్దవాళ్లు ఇప్పటికీ "రమ్మీకి కేసు లేదు" అనుకుంటారు. కానీ 1974 గేమింగ్ చట్టంలో నైపుణ్యం ఆటలకు ఉన్న మినహాయింపును 2017లో మన రాష్ట్రం తీసేసింది. రమ్మీ అయినా, తీన్ పత్తా అయినా, పోకర్ అయినా పైసలు పెడితే అంతే. 2025లో కేంద్రం ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను కూడా నిషేధించింది. ఫోన్‌లో ఆడే అలవాటున్న నా దోస్తులు ఇద్దరు ముగ్గురు అప్పటి నుంచి ఇట్లాంటి ఫామ్‌హౌస్ ఆటల వైపు చూస్తున్నారు, ఇది రాయడానికి అసలు కారణం వాళ్లే.

చట్టం సంగతి ఎందుకు ముందు చెప్తున్నానంటే, మోసగాడి బలం అక్కడే ఉంది. మీరు మోసపోయారని తెలిసినా స్టేషన్‌కు వెళ్లి "నేను పేకాటలో ఉన్నాను సార్" అని చెప్పుకోలేరని అతనికి తెలుసు. కాబట్టి డబ్బుతో పోకర్ ఆడాలనే ఉంటే లైసెన్సు ఉన్న చోటికి వెళ్లండి, గోవాలో మాండవి నది మీది ఓడల్లో నడిచే క్యాసినోల్లాంటివి. అక్కడ కెమెరాలున్నాయి, డీలర్ ఆటలో ఉండడు, గొడవ వస్తే తీర్పు చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు. ఇక్కడ ఆడితే డబ్బు లేకుండా ఆడండి. పెళ్లిలో, దీపావళికి బావలూ బావమరుదులూ కూర్చున్న ఆటలో కూడా కింద చెప్పేవన్నీ పనికొస్తాయి, ఎందుకంటే చేతివాటం ఉన్నవాడు పైసలు లేకున్నా ఊరుకోడు.

ఇప్పుడు ప్రశ్నలు. మిమ్మల్ని పిలిచింది ఎవరు, ఎందుకు పిలిచాడు? అతనితో మీకు పదేళ్ల పరిచయమా, పోయిన నెల జిమ్‌లో కలిశాడా? ఆట ఎవరు నడుపుతున్నారు, పూల్ (అందరి పందేలూ కలిసిన కుప్ప) నుంచి కమీషన్ తీసుకుంటున్నారా? చిప్స్‌కు (పైసలకు బదులు వాడే బిళ్లలకు) డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, ఆట అయిపోయిన వెంటనే లెక్క తేలుతుందా, "రేపు కొడతా" అంటారా? నన్ను మొదటిసారి పిలిచినప్పుడు 6 వేలు గెలిచాను, రెండోసారి 4 వేలు, రెండుసార్లూ బిర్యానీ వాళ్లదే, కారులో ఇంటి దగ్గర దింపిందీ వాళ్లే. మూడోసారి బ్లైండ్స్, అంటే ఆట మొదట్లో తప్పనిసరిగా పెట్టే పందేలు, నాలుగింతలు చేశారు. కోడికి గింజలు చల్లినట్టే, మొదటి రెండు రాత్రులు వాళ్లు ఖర్చు పెట్టారు, మూడో రాత్రి వసూలు చేసుకున్నారు. కొత్త చోట మొదట్లోనే సులువుగా గెలిచి, ఆ వెంటనే "కొంచెం పెద్దగా ఆడదాం అన్నా" అని వినిపిస్తే అక్కడే ఆపేయండి.

ఎక్కడికి వెళ్లినా పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డ మొత్తం నోట్ల రూపంలో తీసుకెళ్లండి. యూపీఐ పిన్ అక్కడ కొట్టొద్దు. అప్పు మీద చిప్స్ తీసుకోవద్దు, ఎంత పరిచయం ఉన్నవాడు ఇచ్చినా సరే. రాత్రి రెండింటికి ఫోన్ నొక్కుతూ పంపే పైసలకు బరువు తెలియదు.

కూర్చునే చోటు, బల్ల మీది వస్తువులు

లోపలికి వెళ్లగానే ఖాళీ ఉన్న కుర్చీలో కూలబడకండి. పత్తాలు వేసేవాడి రెండు చేతులూ మీకు పూర్తిగా కనపడాలి, కాబట్టి అతనికి ఎదురుగానో కొంచెం పక్కకో కూర్చోండి. అతనికి వెంటనే ఎడమ పక్కన కూర్చుంటే చేతి వెనక భాగం తప్ప ఏమీ కనపడదు. మీ వెనక అద్దాల అల్మారా, నల్లటి కిటికీ గ్లాసు, ఆపేసిన టీవీ ఉన్నాయేమో చూడండి. రాత్రిపూట కిటికీ గ్లాసు అద్దమే.

బల్ల మీద మెరిసేది ఏదీ ఉండొద్దు. ఫోన్ ఒక్కటే కాదు, స్టీల్ గ్లాసు, లైటర్, వాచీ డయల్, ఉంగరం, కారు తాళంచెవి, నల్లటి కాఫీ కప్పులో నిండా ఉన్న కాఫీ కూడా. ముక్క ఆ వస్తువు మీదుగా ఒక్క క్షణం వంగి వెళ్తే చాలు, మూల మీది అంకె కనపడుతుంది. అందుకే నున్నగా మెరిసే బల్ల కంటే దుప్పటి పరిచిన బల్ల మంచిది. ముక్కలు గాల్లో ఎత్తి వేయకుండా గుడ్డ మీద ఆనించి జార్చి వేయాలి. "ఫోన్లు పక్కన పెడదాం" అని చెప్పడానికి మొహమాటపడకండి. "అందరివీ పెడదాం, నాది కూడా" అని మీది ముందు పెట్టండి. ఎవరు అభ్యంతరం చెప్తారో చూడండి.

కట్టను ఎలా చూడాలి

మన దగ్గర పెళ్లిళ్లలో ఎక్కువగా కాగితం పత్తాలే ఉంటాయి. పది ఆటలకే అవి వంగుతాయి, మూలలు మెత్తబడతాయి, ఆసు మీద చిన్న మడత పడితే తెల్లారేదాకా అందరికీ అది ఆసే. మొత్తం ప్లాస్టిక్‌తో చేసిన పత్తాలు తెప్పించండి, గోరుతో గీసినా, వంచినా అంత తొందరగా గుర్తు పడదు. కొత్త కట్ట అయినా సీలు మీ ముందు విప్పాలి, సీలు ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. గుర్తులు పెట్టి మళ్లీ సీలు వేసి అమ్మేవి దొరుకుతాయి.

చేతికి తీసుకున్నాక ఇట్లా చేయండి. ముందు నాలుగు రంగులూ విడివిడిగా పరిచి 52 లెక్కపెట్టండి, జోకర్లు పక్కన పెట్టండి. ఒక ఆసు రెండుసార్లు ఉండటం, ఒక ముక్క లేకపోవడం మీరనుకున్న దానికంటే ఎక్కువ జరుగుతుంది, కొన్నిసార్లు నిజంగానే పొరపాటు కూడా. తర్వాత కట్టను వీపు పైకి ఉండేలా ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, చిన్నప్పుడు నోట్‌బుక్ మూలల్లో బొమ్మలు గీసి చర్రుమని తిప్పితే బొమ్మ నడిచేది చూడండి, అచ్చం అట్లాగే బొటనవేలితో ముక్కలు వదలండి, కళ్లు వీపు మీది డిజైన్‌లో ఒకే చోట ఉంచి. అన్నీ ఒకేలా ఉంటే డిజైన్ కదలదు. ఎక్కడైనా పువ్వు రేక, గీత, చుక్క గెంతినట్టు కనిపిస్తే ఆ కట్ట పక్కన పెట్టండి. ఇది అర నిమిషం పని. ఆ ఫామ్‌హౌస్‌లో మూడు రాత్రుల్లో ఒక్కసారి కూడా నేను ఇది చేయలేదు.

పక్క అంచులు కూడా చూడండి. కట్టను బల్ల మీద తట్టి సమం చేసి పక్క నుంచి చూస్తే, అంచు మీద ఎక్కడైనా నల్లటి చార, లేదా రుద్దినట్టు తెల్లబడ్డ చోటు ఉంటే వద్దు. ఆసులు, రాజులు వేరుగా తీసి, మిగతా చిన్న ముక్కల పక్కన పెట్టి వేలితో తడమండి. గరుకుగా, మైనం పూసినట్టు, కొంచెం గుండ్రంగా వంగినట్టు అనిపిస్తే కంటికి కనపడాల్సిన అవసరం లేదు, వేలికి తెలిస్తే చాలు. ప్రత్యేకమైన కళ్లజోడు, లెన్సులతో మాత్రమే కనిపించే సిరాలు కూడా ఉన్నాయి, రాత్రిపూట గదిలో రంగు అద్దాలు పెట్టుకుని ఆడేవాడితో ఆడకండి.

ఏ గుర్తూ పెట్టకుండానే చదవగలిగే కట్టలూ ఉంటాయని తెలుసుకోండి. వీపు డిజైన్ కత్తిరించడంలో ఒక పక్క సగం పువ్వు, ఇంకో పక్క పావు పువ్వు వస్తే, ముక్కను తలకిందులు చేసినప్పుడు తేడా తెలుస్తుంది. ఫిల్ ఐవీ అనే పెద్ద పోకర్ ఆటగాడు 2012లో లండన్ క్యాసినోలో బాకరా ఆడుతూ ఈ తేడా పట్టుకుని 77 లక్షల పౌండ్ల దాకా గెలిచాడు. క్యాసినో పైసలు ఇవ్వలేదు, 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు అది మోసమే అంది. దీనికి విరుగుడు చుట్టూ తెల్లటి అంచు ఉన్న పత్తాలు వాడటం, కలిపేటప్పుడు సగం కట్టను అప్పుడప్పుడు తలకిందులుగా తిప్పి కలపడం.

కలపడం, కోయడం, వేయడం

ఇక్కడే అసలు కథ, కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఉందాం.

ఆట అయిపోయాక ముక్కలు ఎవరు ఏరుతున్నారో, ఎలా ఏరుతున్నారో చూడండి. మామూలు మనిషి కుప్పగా తోసేస్తాడు. చేయి తిరిగినవాడు ముందు ఆసు తీసుకుంటాడు, తర్వాత రెండు చిల్లర ముక్కలు, తర్వాత ఇంకో ఆసు, అంతా మాట్లాడుతూనే, నవ్వుతూనే. కలిపినట్టు కనిపిస్తుంది కానీ అడుగు ముక్కలు అడుగునే ఉంటాయి. మన పెద్దవాళ్లు చేతిలో పట్టుకుని పైనుంచి కొన్ని కొన్ని జార్చి కలుపుతారు కదా, ఆ పద్ధతిలో ఇది మరీ సులువు, ముక్కలు గుంపులు గుంపులుగా కదులుతాయి తప్ప విడిపోవు.

క్యాసినో డీలర్ వరుస ఇది, మీ టేబుల్ మీద కూడా ఇదే పెట్టించండి. ముందు కట్ట మొత్తం బోర్లా పరిచి, పిండి కలిపినట్టు రెండు అరచేతులతో గుండ్రంగా కలియదిప్పడం, దీన్నే వాష్ అంటారు. తర్వాత రెండు సగాలు చేసి అంచులు ఒకదాంట్లో ఒకటి పడేలా కలపడం, దీన్ని రిఫుల్ అంటారు, ఇది రెండుసార్లు. తర్వాత పైనుంచి కొన్ని కొన్ని ముక్కలు గుంపుగా తీసి బల్ల మీద ఒకదాని మీద ఒకటి వేయడం. మళ్లీ ఒక రిఫుల్. ఆ తర్వాత కోయడం. డేవ్ బేయర్, పర్సీ డయకోనిస్ అనే గణిత శాస్త్రవేత్తలు 1992లో లెక్క కట్టి చెప్పిందేమిటంటే 52 ముక్కలు బాగా కలవాలంటే రిఫుల్ ఏడుసార్లు చేయాలి. ప్రతి ఆటకూ ఏడుసార్లు ఎవరూ చేయరు, అందుకే వాష్ అంత ముఖ్యం. రిఫుల్ చేయడం రాకపోతే వాష్ ఒక్కటే నిమిషం పాటు చేయండి, మా ఇంట్లో పిల్లలు కూడా చేస్తారు.

కట్ట బల్ల మీదే ఉండాలి. ఒళ్లోకి వెళ్లకూడదు, బల్ల అంచు కిందికి దిగకూడదు, ఒకడు చాయ్ ఒలకబోసి అందరూ గుడ్డ కోసం లేచినప్పుడు ఒంటరిగా ఉండకూడదు. కట్టకు కట్టే మార్చేయడం అట్లాంటప్పుడే జరుగుతుంది. ముందే పేర్చిన కట్ట వస్తే మీకు రాజుల జత వస్తుంది, మీ ఎదుటివాడికి ఆసుల జత వస్తుంది, మీరు ఉన్నదంతా పెట్టేస్తారు. అట్లా గందరగోళం జరిగితే "కట్ట మళ్లీ మొదటి నుంచి కలుపు అన్నా" అని చెప్పండి, ఎవరి మీదా నింద వేయాల్సిన పని లేదు.

కోయడం ఎవరు? మామూలుగా పత్తాలు వేసేవాడి కుడి పక్కవాడు. ఆ పక్కవాడు అతని మనిషే అయితే ఆ కోత ఉన్నా లేనట్టే, ఎందుకంటే ఎక్కడ కోయాలో ముక్కకు చిన్న వంపు పెట్టి ముందే చెప్పి ఉంటారు. కాబట్టి ఎవరు అడిగినా ఇంకోసారి కోయొచ్చు అని మొదట్లోనే ఒప్పందం చేసుకోండి. కోసిన తర్వాత కట్ట అడుగున ఒక అట్టముక్క పెట్టండి, దాన్ని కట్ కార్డ్ అంటారు. దానివల్ల అడుగు ముక్క ఎవరికీ కనపడదు, అడుగు నుంచి ముక్క లాగి వేయడం చాలా కష్టమవుతుంది. మేము పాత శుభలేఖ అట్టను పత్తా సైజుకు కత్తిరించి వాడతాం, ముదురు రంగుది, మెరుపు లేని వైపు పైకి పెట్టి.

వేసేటప్పుడు చేతిని ఇట్లా గమనించండి. కట్ట పట్టుకున్న ఎడమచేతి చూపుడు వేలు కట్ట ముందు అంచుకు చుట్టుకుని ఉందా? అది ఉన్నంత మాత్రాన దొంగ అనలేం, చాలామంది అట్లాగే పట్టుకుంటారు, కానీ అడుగు ముక్క, రెండో ముక్క లాగేవాళ్లందరూ దాదాపు అట్లాగే పట్టుకుంటారు. పై ముక్క వేస్తున్నప్పుడు బొటనవేలు దాన్ని నెట్టి, మళ్లీ వెనక్కి లాగినట్టు కదులుతుంటే, అంటే పై ముక్క దాచుకుని కింది ముక్క వేస్తున్నాడేమో. శబ్దం కూడా వినండి. నేను ఇంట్లో నేర్చుకున్నప్పుడు నాకు అర్థమైంది, అడుగు నుంచి లాగితే రెండు పక్కలా రాసుకుని "స్ర్" అని కొంచెం పొడుగ్గా వినిపిస్తుంది. పాటలు గట్టిగా పెట్టి ఆడించే చోట ఆ శబ్దం వినపడదు.

బల్ల మధ్యలో అందరికీ కలిపి వెల్లకిలా ముందు మూడు ముక్కలు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర్లో ఒకటి (రివర్) వేస్తారు, ఒక్కోదానికి ముందు ఒక్కో ముక్క బోర్లా పక్కన పడేయాలి, దీన్ని బర్న్ అంటారు. చాలామంది ఇది ఆచారం అనుకుని వదిలేస్తారు. కట్ట పై ముక్క వీపు మీద గుర్తు ఉంటే అది ఏదో ముందే తెలిసిపోతుంది, అందుకే ఆ ముక్కను ఆటలోంచి తీసేస్తారు. వదిలేయనివ్వకండి.

అన్నిటికంటే తేలికైన రక్షణ, పత్తాలు వేసేవాడు ఆటలో ఉండకపోవడం. వీలు కాకపోతే కలిపేవాడు ఒకడు, కోసేవాడు ఒకడు, వేసేవాడు ఇంకొకడు అని పంచుకోండి. "అన్న చేయి మంచిది, అన్ననే వెయ్యనియ్యి" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

మీ రెండు ముక్కలు మీ దగ్గరే ఉండాలి

ముక్కలు ఎత్తి ముఖం ముందు పట్టుకోకండి. బల్ల మీదే ఉంచి, రెండు చేతులూ గోడలా అడ్డం పెట్టి, మూల ఒక్కటి వేలితో పైకి లేపి చూడండి. చూశాక వాటి మీద ఒక చిప్ పెట్టండి, లేకపోతే డీలర్ పొరపాటునో, కావాలనో మీ ముక్కలు చెత్తలో కలిపేస్తాడు. మీ వంతు రాకముందే వదిలేయకండి, మీ ముఖంలో కూడా చూపించకండి.

చివర్లో ఇది తప్పకుండా గుర్తుంచుకోండి. ఎదుటివాడు "ఫ్లష్ ఉంది" (ఐదు ముక్కలూ ఒకే రంగు) అని నోటితో చెప్తే మీ ముక్కలు విసిరేయకండి. నాకు ఇది గోవాలో అయింది. పక్కన ఒకాయన చాలా నమ్మకంగా "కలర్" అన్నాడు, నేను విసుగ్గా నా రెండు జతలు లోపలికి తోశాను, ఆయన పరిచింది ఒకటే జత. "సారీ, కళావరు అనుకున్నా, ఇస్పేటు" అన్నాడు. డీలర్ చేతిలో కలిసిపోయిన నా ముక్కలకు ఇక ఏ విలువా లేదు. రెండు ముక్కలూ వెల్లకిలా పరిచేదాకా, పూల్ మీ వైపు తోసేదాకా మీ ముక్కల మీంచి చేయి తీయకండి. "చూపించు అన్నా" అనడం మర్యాద తక్కువేమీ కాదు.

పెద్ద చిప్స్ చిన్నవాటి వెనక దాచినవాణ్ని ముందుకు పెట్టమనండి. చిప్స్ కుప్పలోకి విసిరేవాణ్ని ఆపి, ముందు లెక్కపెట్టి తర్వాత కలపండి, లేకపోతే ఐదొందలు పెట్టి వెయ్యి అంటాడు. "కాల్" (ఎదుటి పందేనికి సమానంగా వేస్తున్నా) అని చిప్స్ వేసి, మీ ముఖం చూసి, "ఇంకా రెండు వేలు" అని పెంచితే అది చెల్లదు, ముందన్న మాటే లెక్క.

ఇద్దరు కలిసి ఆడితే

పత్తాల మీద గుర్తులు, చేతివాటం, ఇవన్నీ నేర్చుకోవాలంటే ఏళ్లు పడుతుంది. ఇద్దరు మాట అనుకుని ఆడటానికి ఒక చాయ్ తాగేంత సమయం చాలు. అందుకే నా లెక్కలో ఎక్కువ డబ్బు పోయేది దీంట్లోనే, పైగా పట్టుకోవడం చాలా కష్టం, ముక్కలు శుభ్రంగా ఉంటాయి, వేయడం శుభ్రంగా ఉంటుంది.

ఎలా ఉంటుందో చెప్తాను. మీరు మధ్యలో ఉన్నారు. ఎడమవాడు పెంచుతాడు, మీరు కాల్ అంటారు, కుడివాడు ఇంకా పెంచుతాడు, ఎడమవాడు మళ్లీ పెంచుతాడు. మీ దగ్గర మంచి ముక్కలే ఉన్నా ఇద్దరి మధ్య నలిగి వదిలేస్తారు. మీరు వదిలిన మరుక్షణం ఒకడు నవ్వి "సరే నువ్వే తీస్కో" అని ముక్కలు పారేస్తాడు. అట్లా ఒకసారి జరిగితే ఆట. ఒకే ఇద్దరి మధ్య, మీరు ఉన్నప్పుడు మాత్రమే, రాత్రిలో నాలుగుసార్లు జరిగితే లేవండి.

ఇంకో గుర్తు. ఆ ఇద్దరే మిగిలినప్పుడు ఆట చప్పగా అయిపోతుంది, పందెం వేయకుండా వంతు దాటించడమే, చెక్, చెక్, చెక్, చివర్లో ఒకడు పెద్ద ముక్కలు చూపిస్తాడు. అంత పెద్ద ముక్కలతో మీ మీదైతే ఉన్నదంతా తోసేవాడే. ఒకరి మీద ఒకరు ఎప్పుడూ పెద్ద పందెం వేయరు. బాత్రూం దగ్గర, సిగరెట్ దగ్గర ఇద్దరూ కలిసే వెళ్తారు. చిప్ ముక్కల మీద ఎడమవైపు పెట్టడం, కుడివైపు పెట్టడం, ముక్కు గీరుకోవడం, గ్లాసు తిప్పడం, ఏదైనా సైగ కావచ్చు, సైగ ఏమిటో కనుక్కోవడానికి మీరు టైం వేస్ట్ చేయకండి, పందేల వరుస చూడండి చాలు. పందెం అబద్ధం చెప్పదు. టేబుల్ మీద అందరికీ రాని భాషలో ఇద్దరు మాట్లాడుకుంటే ఆపమనండి. వదిలేసిన ముక్కలు పక్కవాడికి చూపిస్తే "ఒకరికి చూపిస్తే అందరికీ చూపించాలె" అనండి, క్యాసినోల్లో కూడా అదే రూలు.

రమ్మీలో అయితే ఇది ఇంకా సులువు. ముందు వంతు ఉన్నవాడు తన మనిషికి కావాల్సిన ముక్కే పడేస్తూ ఉంటాడు. కూర్చునే వరుస ప్రతి గంటకూ చీటీలు తీసి మార్చండి. నిజాయితీగా ఆడేవాళ్లకు ఎక్కడ కూర్చున్నా ఒకటే.

మెషిన్లు

అంచుల మీద కనపడని గుర్తులు పెట్టిన కట్ట, బల్ల మీద మామూలు ఫోన్‌లా కనిపించే కెమెరా, చెవిలో బఠాణీ గింజంత స్పీకర్, ఇట్లాంటివి అమ్ముతున్నారు. షఫుల్ చేసే మెషిన్ ఉంటే సేఫ్ అనుకుంటాం, నేనూ అనుకున్నాను. 2023లో సెక్యూరిటీ పరిశోధకులు క్యాసినోల్లో వాడే ఒక మెషిన్‌ను దాని యూఎస్‌బీ పోర్టు ద్వారా లొంగదీసి, లోపలి కెమెరా నుంచి ముక్కల వరుస ఫోన్‌కు తెప్పించి చూపించారు. 2025 అక్టోబర్‌లో అమెరికాలో పెట్టిన పెద్ద కేసులో ఆరోపణ కూడా ఇట్లాంటిదే: మార్చిన షఫుల్ మెషిన్లు, ముక్కలను చదివే బల్ల, ప్రత్యేక లెన్సులు, పేరున్న మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను ఎరగా కూర్చోబెట్టి సుమారు 70 లక్షల డాలర్లు లాగారని. అప్పటికి అది ఆరోపణే, కానీ పద్ధతి చూడండి, మా ఫామ్‌హౌస్‌లో బిర్యానీ, అక్కడ పెద్ద పేర్లు. ప్రైవేటు ఇంట్లో మెషిన్ కనిపిస్తే చేత్తో కలపమనండి, కాదంటే చాయ్ తాగి వచ్చేయండి.

ఓడిపోయిన ప్రతిసారీ మోసం కాదు

ఇది కూడా అంతే ముఖ్యం, లేకపోతే దోస్తానాలు పాడవుతాయి. ఆసుల జత రావడానికి అవకాశం 221 ఆటల్లో ఒకసారి. చేత్తో వేసే ఆట గంటకు పాతిక ముప్పై దాటదు, అంటే రాత్రంతా కూర్చున్నా ఒక్కసారి కూడా రాకపోవచ్చు. ఆసుల జత, రాజుల జత ఎదురుపడితే ఆసులు వందలో సుమారు 18 సార్లు ఓడిపోతాయి. రివర్ మీద రాజు పడితే మన కడుపు మండుతుంది కానీ అది లెక్క ప్రకారమే పడింది. ఒక్క ఆటను చూసి మాట అనకండి. ఇంటికొచ్చాక ఫోన్‌లో రాసుకోండి: ఎవరు పత్తాలు వేసినప్పుడు ఎవరు పెద్ద పూల్ గెలిచారు, ఎవరితో ఎవరు. నాలుగైదు కూర్చోవడాల తర్వాత ఒకే మనిషి చేతి మీదుగా ఒకే మనిషి గెలుస్తుంటే మీకు జవాబు దొరికినట్టే.

అనుమానం వస్తే అక్కడికక్కడ ఏం చేయాలి

లైసెన్సు ఉన్న చోట అయితే ఆ ఆట ముగిసి ముక్కలు కలిసిపోకముందే చెయ్యెత్తి ఫ్లోర్ మేనేజర్‌ను పిలవండి. తర్వాతి ఆట మొదలైతే వెనక్కి తీయడం కష్టం. గట్టిగా అరవకండి, ఏ ఆట, ఎంత పందెం, ఏ సీటు, టైం ఎంత, ఇవి చెప్పండి, కెమెరాలో వాళ్లు చూసుకుంటారు.

ప్రైవేటు చోట అయితే దొంగ అనే మాట నోట్లోంచి రానివ్వకండి. ఊరి బయట, రాత్రి, మీకు తెలియని నలుగురు, మందు. అక్కడ గెలిచేది ఏమీ లేదు. నేను వెళ్లేముందు మా ఆవిడతో చెప్పి పెడతాను, పదకొండున్నరకు ఫోన్ చెయ్యమని. ఫోన్ వస్తుంది, "బాపుకు బాగాలేదట, పోవాలె అన్నా" అని చిప్స్ ఇచ్చేసి లేస్తాను. ఓడిపోతున్నా లేస్తాను. "గిప్పుడే పోతవా, ఇంకో రౌండ్ కూసో తమ్మీ" అంటారు. కూర్చోవద్దు. సొంత బండి మీద వెళ్లండి, వాళ్ల కారులో వెళ్తే మీరు లేచే టైం వాళ్ల చేతిలో ఉంటుంది.

పోయిన డబ్బు రాబట్టుకోవడానికి మళ్లీ ఆ బల్ల దగ్గరికి వెళ్లకండి. నేను వెళ్లాలనే అనుకున్నాను, వాళ్ల కిటుకు నాకు తెలుసు కదా అనుకున్నాను. మా పెద్ద బావ ఆపాడు. "ఒక్కటి నీకు ఎర్కైంది, ఎర్కగానియి ఎన్నున్నయో నీకెట్ల తెలుస్తది?" అన్నాడు.

బాకీ పేరుతో ఇంటికొచ్చి బెదిరిస్తే దాచుకోకండి. పేకాట కేసు భయంతో నోరు మూసుకుని వడ్డీకి తెచ్చి కట్టేవాళ్లను చూశాను, కట్టినకొద్దీ బాకీ పెరుగుతుంది. బెదిరించి వసూలు చేయడం వేరే నేరం. ఇంట్లో ఒకరికి చెప్పండి, ఒక వకీలును కలవండి, ప్రమాదం అనిపిస్తే 100కో 112కో కొట్టండి. మెసేజులు, కాల్ రికార్డులు చెరిపేయకండి.

ఇప్పుడు మేము దీపావళికి హనుమకొండలో మా బావ ఇంట్లో, మేడ మీద ఆడతాం. పైసలు లేవు, అందరికీ సమానంగా చిప్స్. ఫోన్లన్నీ ఇత్తడి తాంబాళంలో పెట్టి కింద వంటింట్లో అక్కకు ఇస్తాం. బల్ల మీద పాత రగ్గు, చాయ్ కాగితం కప్పుల్లో, కింద నేల మీదే పెట్టుకోవాలి. వాష్ చేసేది మా మేనకోడలు, పదకొండేళ్లు, ఆటలో ఉండదు. కలిపాక కట్ట మధ్యలోకి జరిపి, శుభలేఖ అట్టముక్క పట్టుకుని, "ఎవరు కోస్తరు?" అని అడుగుతుంది, ఎవరూ చెయ్యెత్తకపోతే పత్తాలు ఇవ్వదు.